పదహారు చీట్లు

జూలై 3, 1951

చరిత్ర నోట్సు కోసం నాయన తెచ్చిన పుస్తకాన్ని ఈ డైరీకి తీసేసుకున్నాను. చరిత్రకి పాత పుస్తకంలో వెనక పేజీలు చాలు.

కాలేజీలో చేరి ఎనిమిది రోజులైంది. ఇంతవరకు నన్ను పేరు పెట్టి పిలిచింది పంకజం ఒక్కతే, అదీ రైల్లో. నేను ఎన్నూరులో ఎక్కుతాను, తను తిరువొత్తియూరులో ఎక్కుతుంది. కాలేజీ గేటు దాటాక నేను నలభై మూడు, తను అరవై ఒకటి.

తెలుగు తరగతిలో తొంభై ఆరుగురం. పెద్ద హాలు. నేను చివరి నుంచి మూడో బెంచీ. అక్కడికి మిస్ గొంతు సగమే వస్తుంది, మిగతా సగం ఫ్యాన్లు తీసుకుంటాయి. పద్యం చదువుతుంటే రాగం తెలుస్తుంది, మాటలు తెలియవు. పక్క అమ్మాయిని అడిగితే, పరీక్షకి బజారు నోట్సు దొరుకుతుందిలే అంది.

హాజరు నంబర్లతో పిలుస్తారు. రాని వాళ్ళకి బదులు ఎవరో ఒకరు "ప్రజెంట్ మిస్" అంటారు. దాన్ని ప్రాక్సీ అంటారట. సెలీనా అని పెరంబూరు అమ్మాయి ఇవాళ మూడు గొంతులతో మూడు నంబర్లకి పలికింది. మిస్ తల ఎత్తలేదు. ఎత్తితే మాత్రం తొంభై ఆరు ముఖాల్లో ఏం వెతుకుతారు?

జూలై 5

వాసవాంబ మిస్ ఇవాళ పాఠం చెప్పలేదు. ఒక ప్రయోగం గురించి చెప్పారు. లైబ్రరీ పైన ఒక చిన్న గది ఉంది. అందులో ఒక బల్ల, పదహారు కుర్చీలు పడతాయి. పదహారు మందికి అక్కడ వేరే గంటలో తెలుగు చెప్తారు. మిగతా ఎనభై మందికి ఈ హాల్లోనే. అవే పాఠాలు, అదే టీచరు. సెప్టెంబరు పరీక్షలో రెండు గుంపుల మార్కులు పోల్చి చూస్తారు. పేపర్లు వేరే కాలేజీ ఆమె దిద్దుతారు. చిన్న గదిలో వాళ్ళు బాగా చేస్తే, వచ్చే ఏడు తెలుగు తరగతినంతా చిన్న గుంపులుగా చేసి ఇంకో ఇద్దరు లెక్చరర్లను వేస్తామని ప్రిన్సిపాల్ మాట ఇచ్చారట. మిస్ ఈ మాట కోసం రెండేళ్ళు తిరిగారట.

ఎవరిని తీసుకుంటారని ముందు బెంచీలో విజయవాడ అమ్మాయి అడిగింది. చీట్లు తీస్తానని మిస్ చెప్పారు. "నేను ఏరుకుంటే మంచివాళ్ళను ఏరుకున్నానంటారు. మీరు ఏరుకుంటే ఆసక్తి ఉన్నవాళ్ళే వస్తారు. ఎవరూ ఏరుకోకూడదు. అప్పుడే అది గది వల్ల వచ్చిన తేడా అవుతుంది."

రేపు చీట్లు.

జూలై 6

నాకు రాలేదు.

పంకజానికి వచ్చింది.

జూలై 9

రైల్లో పంకజం ఏడ్చింది. ఆడవాళ్ళ పెట్టెలో చేపల గంపల వాళ్ళందరూ మమ్మల్నే చూశారు.

మొదటి రోజు చిన్న గదికి మిస్ రాలేదు, ప్రిన్సిపాల్ పిలిచారట. పదహారు మందీ బల్ల చుట్టూ కూర్చుని మాటల్లో పడ్డారు. పంకజం ఏదో చెప్పబోయి "ఆడ" అందట. విజయవాడ అమ్మాయి "ఆడా, మగా?" అని అడిగిందట. అందరూ నవ్వారట. వెళ్ళే ముందు లైబ్రరీ ప్యూను వచ్చి, రేపటి నుంచి ప్రతి ఒక్కరూ రోజూ లేచి ఒక సంగతి చెప్పాలని మిస్ చెప్పమన్నారని చెప్పి పోయాడట.

మా ఇంట్లోనూ ఆడ, ఈడ అనే అంటాం. నాలుగు తరాల నుంచి ఈ తమిళ సీమలోనే ఉన్నాం, ఇంకెలా అంటాం? నేను కాలేజీలో అక్కడ, ఇక్కడ అనడం నేర్చుకున్నాను. పంకజానికి అది రాదు. వద్దు కూడా.

జూలై 10

ఇది ఎలా జరిగిందో సరిగ్గా రాసుకోవాలి.

బేసిన్ బ్రిడ్జి దగ్గర బండి ఆగిపోయింది. పంకజం కిటికీలోంచి చూస్తూ అంది. "రాజీ, నువ్వు పోవే ఆడికి. నా నంబరుకి నువ్వు పలుకు. నీ నంబరుకి హాల్లో నేను పలుకుతా. ఇవాళా నేను ఆడికి పోలేదు, ఆ మిస్ నా మొగం చూడనే లేదు."

నేను వెంటనే వద్దన్నాను. ఎంత వెంటనే అన్నానో అంత వెంటనే ఒప్పుకున్నాను కూడా.

ప్రాక్సీ రోజూ అందరూ చెప్పేదే. ఇది కొంచెం పొడుగు ప్రాక్సీ, అంతే. గదిలో పదహారు మందే ఉంటారు. హాల్లో ఎనభై మందే ఉంటారు. లెక్క తప్పదు. పంకజానికి ఇదే మేలు.

జూలై 11

"అరవై ఒకటి, పంకజం?"

"ప్రజెంట్ మిస్."

మిస్ తల ఎత్తి నా వైపు చూశారు. చిన్న గదిలో ఆమె నంబరు తర్వాత పేరు కూడా పిలుస్తారు. నేను పంకజం కాదని విజయవాడ అమ్మాయికి తెలుసు, కానీ ప్రాక్సీని ఎవరూ మిస్‌కి పట్టివ్వరు. అంతే. పాఠం మొదలైంది.

జూలై 19

ఈ వారంలో నేర్చుకున్నది పదకొండేళ్ళ బడిలో నేర్చుకోలేదు. గొప్పకి రాయడం లేదు. నిజం.

కుర్చీలు పదహారు రకాలు. నాది ఒక కాలు పొట్టిది, కింద మడిచిన కాగితం పెట్టుకున్నాను. మిస్ బల్ల చివర కూర్చుంటారు, నిలబడరు. పద్యం చదివి ఊరుకుంటారు. ఎవరో ఒకరు నోరు తెరిచేదాకా ఊరుకుంటారు. హాల్లో ఆ నిశ్శబ్దం ఒక్క క్షణం కూడా నిలవదు, వెంటనే గుసగుసలతో నిండిపోతుంది. ఇక్కడ అది మన మీదే వచ్చి కూర్చుంటుంది. మాట్లాడక తప్పదు. తప్పు చెప్తే, "ఎందుకలా అనుకున్నావు?" అని అడుగుతారు. ఒప్పు చెప్పినా అదే ప్రశ్న. మొదట రెండు రోజులు అది తిట్టనుకున్నాను.

ఇవాళ ఆమె నన్ను అడిగారు, సాయంత్రానికీ రాత్రికీ మధ్య వేళని మీ ఇంట్లో ఏమంటారని. దీపాలు పెట్టే పొద్దు అంటామన్నాను. అది బాగుందని, దానికే ఇంకో మాట ఉందని కాగితం మీద రాసి చూపించారు.

జూలై 20

మునిమాపు. రోజూ మా ఉప్పు మడుల మీదికి దిగేదే. పేరు నిన్న తెలిసింది.

ఆగస్టు 2

నవ్వాలో భయపడాలో తెలియడం లేదు.

హాజరు పిలుస్తుంటే "పద్దెనిమిది, వేదవల్లి?" అన్నప్పుడు ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాక నా ఎదుటి అమ్మాయి ఉలిక్కిపడి పలికింది. మిస్ తర్వాతి నంబరు పిలిచారు. తర్వాత మెట్ల మీద సెలీనా నన్ను ఆపింది. సెలీనా చిన్న గదికి నిజంగానే చీటీ మీద వచ్చింది. అంతకన్నా నిజంగా అందరి సంగతులూ ఆమెకి తెలుసు.

"ఏమే దొంగ పంకజం, నువ్వు ఒక్కదానివే అనుకున్నావా?" అంది. వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. మొత్తం ఏడుగురం. అందరిదీ ఒకే కథ. చీటీ వచ్చినవాళ్ళు భయపడ్డారు, రానివాళ్ళు ఆశపడ్డారు. ఎవరికి వారు, తమ ఇద్దరి మధ్యే అనుకుని మార్చుకున్నారు.

"మిస్ పాపం, గంపలో వేసిన కోళ్ళు వేరు, ఇప్పుడున్న కోళ్ళు వేరు," అని సెలీనా నవ్వింది. నేనూ నవ్వాను. మెట్లు దిగాక నవ్వు ఆగిపోయింది. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడూ నిద్ర వస్తోంది.

ఆగస్టు 16

వ్యాసం తిరిగి ఇచ్చారు. ఇంటి దగ్గర రోజూ చూసే పని ఏదైనా రాయమంటే నేను ఉప్పు తీయడం గురించి రాశాను. నాయన ఉప్పు పండించే కొటారులో మేస్త్రీ, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. "సూర్యుని తాపము అతి తీవ్రముగా నుండెను" అని మొదలుపెట్టాను. ఆ వాక్యం కోసం ఒక సాయంత్రమంతా పట్టింది.

దాని పక్కన ఎర్ర సిరాతో ఇలా ఉంది. "తాపము ఎవరికి? మడి గట్టు మీద నడిచినప్పుడు నీ కాళ్ళకి ఏమైందో రాయి."

మళ్ళీ రాశాను. మూడోసారికి ఇలా వచ్చింది. "వేసవిలో గట్టు మీద నడిస్తే మడమల పగుళ్ళలోకి ఉప్పు దిగి మండేది. నేను ఒంటి కాలి మీద గెంతుతుంటే కూలివాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళ మడమలు నాకన్నా ఎక్కువ పగిలి ఉండేవి."

మిస్ గదిలో అందరి ముందూ చదివారు. చదివి, కళ్ళద్దాలు తీసి, "ఇది వాక్యం, పంకజం," అన్నారు.

నా జీవితంలో నాకు దక్కిన మొదటి మెప్పు. దాని మీద పంకజం పేరు ఉంది. పుస్తకం అట్ట మీదా ఆ పేరే, నా చేతిరాతతో.

ఆగస్టు 27

హాల్లో ఎలా ఉందని పంకజాన్ని అడిగాను. సుకంగా ఉండాది అంది. స్తంభం వెనక కూర్చుంటుందట. ఇప్పటికి మూడు జాకెట్లకి లేసు అల్లిందట, ఒకటి నాకే ఇస్తానంది.

పాఠం ఎక్కడిదాకా వచ్చిందని అడిగితే ఆమెకి తెలియలేదు. నా నోట్సు ఇస్తానన్నాను. సరి సరి అంది. తీసుకోలేదు.

పంకజం సంతోషంగా ఉంది. ఆమెకి ఇదే మేలు.

సెప్టెంబరు 10

పరీక్ష పందొమ్మిదిన. చిన్న గది వాళ్ళు ఆ గదిలోనే రాయాలి, మిస్ స్వయంగా కూర్చుంటారు. కాబట్టి నేను అరవై ఒకటో నంబరు మీదే రాయాలి. పంకజం హాల్లో నలభై మూడు మీద రాస్తుంది. వేరే దారి లేదు. ఈ సంగతి జూలైలో ఇద్దరికీ తోచనే లేదు.

"నీ పేరు చెడగొట్టేస్తానేమోనే," అంది పంకజం. చదివితే ఎందుకు చెడుతుందన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. తను దారం తీసి తిరువొత్తియూరు దాకా లేసు అల్లుతూనే ఉంది.

సెప్టెంబరు 19

బాగా రాశాను. అదనపు కాగితాలు రెండు తీసుకున్నాను.

అక్టోబరు 3

చిన్న గది సగటు యాభై అయిదు. హాలు సగటు ముప్పై తొమ్మిది.

మిస్ ఆ రెండు అంకెలు బోర్డు మీద రాసి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆమె నిలబడడం ఈ గదిలో అదే మొదటిసారి. తర్వాత, "మీరు నా మాట నిలబెట్టారు," అన్నారు. బల్ల చుట్టూ తొమ్మిది మంది చప్పట్లు కొట్టారు. ఏడుగురం కొంచెం ఆలస్యంగా కొట్టాం.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు అరవై ఒకటికి. డెబ్బై ఎనిమిది.

నలభై మూడుకి పందొమ్మిది.

అక్టోబరు 5

మార్కుల కార్డు పోస్టులో ఇంటికి వచ్చింది. నేను వచ్చేసరికి నాయన చేతిలో ఉంది. ఆయనకి ఇంగ్లీషు చదవడం అంతగా రాదు, అంకెలు వస్తాయి. ఇంగ్లీషులో అరవై, చరిత్రలో యాభై ఎనిమిది. వేలు తెలుగు దగ్గర ఆగింది.

"ఏమ్మా, ఇంట్లో మాట్లాడుకునే మాటలోనే తప్పినావా?"

కోపంగా అనలేదు. నిజంగా అర్థం కాక అడిగారు. అమ్మ వంటింట్లోంచి, రైల్లో అలిసిపోతోంది బిడ్డ అంది. ఆయన కార్డు మడిచి దేవుడి పటం వెనక పెట్టారు. పెట్టాక, పంకజానికి ఎంత వచ్చిందని అడిగారు. చెప్పాను. "మంచి పిల్ల, దాని దగ్గర కూచుని నేర్చుకో," అన్నారు.

అక్టోబరు 6

ఇవాళ రాయడానికి ఏమీ లేదు.

అక్టోబరు 15

దసరా సెలవుల తర్వాత కాలేజీ. మిస్ కొత్త చీర కట్టుకుని వచ్చారు. ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారట. వచ్చే ఏడు నుంచి తెలుగు తరగతులన్నీ పదహారేసి మందితో, ఇద్దరు కొత్త లెక్చరర్లు. వచ్చే శనివారం కాలేజీ కమిటీ కూర్చుని సంతకాలు చేస్తుంది. క్రిస్మస్ సెలవుల్లో టీచర్ల మహాసభలో మిస్ ఈ ప్రయోగం గురించి వ్యాసం చదువుతారు.

గంట కొట్టాక నన్ను ఉండమన్నారు. కమిటీ ముందు విద్యార్థి ఒకరు మాట్లాడితే బాగుంటుందన్నారు. "చిన్న గదిలో నీకు ఏం జరిగిందో అయిదు నిమిషాలు చెప్పు. అలంకారాలు వద్దు. మడమల వాక్యంలా చెప్పు, పంకజం."

సరే మిస్ అన్నాను.

అక్టోబరు 16

చిన్న గదిలో నేర్చుకున్నాను. ఇది అబద్ధం కాదు. అంకెలు ఎలా వచ్చినా సంగతి నిజమే. నిజమైన సంగతికి అంకె కొంచెం తప్పయితే ఏం? నేను చెప్పేస్తే ఇద్దరు లెక్చరర్లు రారు. వచ్చే ఏడు వచ్చే తొంభై మంది మళ్ళీ ఫ్యాన్ల కింద కూర్చుంటారు. వాళ్ళ కోసమైనా ఊరుకోవాలి.

అక్టోబరు 17

పైన రాసింది మళ్ళీ చదివాను. "వాళ్ళ కోసమైనా" అన్న చోట కలం కొంచెం ఒత్తి రాసినట్టుంది. నేను చెప్పేస్తే ఆ గదిలో నా కుర్చీ పోతుంది. ఆ మాట నిన్న ఎక్కడా రాయలేదు.

పంకజానికి ఇదే మేలు అని రెండుసార్లు రాశాను. వెనక్కి తిప్పి చూశాను.

అక్టోబరు 18

సాయంత్రం బండిలో పంకజం పక్కన కూర్చుంది. లేసు దారం బయటికి తీయలేదు.

డెబ్బై ఎనిమిది వచ్చిందని వాళ్ళింట్లో పండగ చేశారట. శేషాద్రి తాత, అంటే వాళ్ళమ్మ నాన్న, వీధిలో నలుగురిని పిలిచి తిన్నె మీద కూర్చోబెట్టాడట. పాఠ్యపుస్తకం ఆమె చేతికిచ్చి, ఒక పద్యం చదివి అర్థం చెప్పవే, వింటాం అన్నాడట. ఆయనకి చిన్నప్పుడు తెలుగు బడి దొరకలేదట, తమిళ బడిలోనే చదివాడట. మనవరాలి నోట వినాలని ఆశ.

"నోరు పెగల్లేదే రాజీ. చదివితిని. అర్తం చెప్పమంటే సుమ్మా, ఊరికే నిలబడితిని. తాత అందరితో, బిడ్డకి సిగ్గు అని చెప్పె. వాళ్ళు పోయినంక నాకు పాలు ఇచ్చె."

తను నా వైపు తిరిగింది.

"నిన్ను ఏమీ అనడంలేదు నేను. నేనే కదా పొమ్మంటిని. ఆ హాల్లో నేను ఉండానో లేదో నాకే తెలవకుండా పొయింది. భయం లేదు, నిజమే. ఏమీ లేదు ఆడ."

కొరుక్కుపేట దాటాక ఇంకో మాట అంది. "నాకు భయమని నువ్వు పోతివి. భయం లేని దానికి ఆ రూము ఎందుకే?"

తను మామూలుగా అడిగింది. తిరువొత్తియూరులో దిగిపోయింది.

అక్టోబరు 19

చెప్పేశాను.

మధ్యాహ్నం మిస్ చిన్న గదిలో ఒంటరిగా పేపర్లు చూసుకుంటున్నారు. తలుపు దగ్గరే నిలబడి చెప్పాను, లోపలికి వెళ్తే కూర్చోవాలనిపిస్తుందని.

"మిస్, నేను పంకజం కాదు. నలభై మూడు. రాజలక్ష్మి."

ఆమె కళ్ళద్దాలు తీశారు. అంతా చెప్పాను. బండి ఆగిన దగ్గర నుంచి. పద్యం చదివాక ఊరుకున్నట్టే ఊరుకున్నారు.

"నువ్వు ఒక్కదానివేనా?"

"కాదు మిస్. ఏడుగురం. మిగతా వాళ్ళ పేర్లు నేను చెప్పను. వాళ్ళే చెప్పాలి."

"ఏడుగురు." ఆ మాట ఆమె తనలో తాను రెండుసార్లు అనుకున్నారు. "ఎవరూ ఏరుకోకూడదని చీట్లు వేశాను. మీకు మీరే ఏరుకున్నారన్నమాట. ఆసక్తి ఉన్నవాళ్ళు ఇటు, లేనివాళ్ళు అటు. నేను చెయ్యకూడదనుకున్న పని మీరు నాకు చేసిపెట్టారు."

నాకు ఏడుపు రాలేదు. వాదన వచ్చింది. "కానీ మిస్, నేను ఇక్కడే నేర్చుకున్నాను. అది నిజం కదా?"

"నిజమే. నిన్ను లైబ్రరీ మెట్ల మీద కూర్చోబెట్టినా నేర్చుకునేదానివి. నాకు తెలియాల్సింది నీ గురించి కాదు, రాజలక్ష్మీ."

ఆమె నా పేరు పలకడం ఇదే మొదటిసారి. ఇలా వినాలనుకోలేదు.

అక్టోబరు 22

మిస్ చిన్న గదిలోకి ఒక కవరు తెచ్చారు. జూలై నాటి చీట్లు పదహారూ దాచి ఉంచారు. బల్ల మీద పరిచి, ఎవరి చీటీ వాళ్ళు తీసుకోండి అన్నారు.

సెలీనా ముందు తీసుకుంది. విజయవాడ అమ్మాయి తీసుకుంది. తొమ్మిది చేతులు వచ్చి వెళ్ళాయి. బల్ల మీద ఏడు చీట్లు మిగిలాయి. నా ఎదుటి అమ్మాయి ఒక చీటీ వైపు చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరూ ఎవరినీ చూడలేదు.

ఏడుగురం మా అసలు నంబర్లు చెప్పాక మిస్ బోర్డు మీద మళ్ళీ లెక్క వేశారు. నిజంగా చీటీ మీద వచ్చిన తొమ్మిది మంది సగటు నలభై నాలుగు. హాల్లో మొదటి నుంచి ఉన్న డెబ్బై మూడు మంది సగటు నలభై ఒకటి.

"మూడు మార్కులు," అన్నారు. "మూడు మార్కులకి ఎవరూ ఇద్దరు లెక్చరర్లను ఇవ్వరు. తొమ్మిది మంది మీద ఏ మాటా చెప్పలేం కూడా. బహుశా ఈ గది వల్ల మార్కులు పెరగవేమో. బహుశా ఇంకేదో పెరుగుతుందేమో. దాన్ని కొలిచే పేపరు నేను తయారు చెయ్యలేదు."

ప్రిన్సిపాల్‌కి ఆమె శనివారమే చెప్పేశారట, కమిటీ కూర్చోక ముందే. మాకు శిక్ష ఏమీ లేదు. మార్కులు ఎవరివి వాళ్ళకి దిద్ది ఇంటికి కొత్త కార్డులు పంపుతారు. మహాసభ వ్యాసం వెనక్కి తీసుకున్నారు. కొత్త లెక్చరర్లు లేరు. ఒక్కటి మాత్రం ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. గది మార్చి దాకా ఉంటుంది, చీటీ ఉన్నవాళ్ళతో.

బయటికి వస్తుంటే నా ఎదుటి అమ్మాయి, "నీకెందుకే ఈ సత్యవాక్యం, అందరినీ ముంచావు," అంది. అదీ నిజమే.

అక్టోబరు 24

కొత్త కార్డు వచ్చింది. నాయన రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. నేను జరిగింది చెప్పాను. పందొమ్మిది నాది కాదన్న సంతోషం ఆయన ముఖంలో కనిపిస్తుందనుకున్నాను.

"అయితే ఆ బిడ్డ ఇంటికి కూడా ఇట్లనే ఇంకో కార్డు పోయింటుందే," అన్నారు.



అక్టోబరు 25

పంకజం ఇవాళ రాలేదు.

అక్టోబరు 26

ఇవాళా రాలేదు.

నవంబరు 1

దీపావళి సెలవుల తర్వాత వచ్చింది. వాళ్ళ తాత కార్డు చూసి జేబులో పెట్టుకున్నాడట. రెండో రోజు, ఆ చిన్న రూములో నీకు ఇంకా చోటు ఉండాదా అని అడిగాడట. ఉండాదంది. పోతావా అన్నాడట. భయమంది. ఆయన చొక్కా వేసుకుని, స్టేషన్ దాకా తోడొస్తానన్నాడట. ఇవాళ నిజంగానే వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ సన్నటి మనిషి. కిటికీలోంచి నన్ను చూసి తల ఊపాడు. నేను ఎవరో తెలిసే ఊపాడు.

లైబ్రరీ మెట్ల దాకా పంకజంతో వెళ్ళాను. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, తర్వాతి గంటకి హాలుకి వచ్చాను.

చివరి నుంచి మూడో బెంచీ. పైన ఫ్యాను. మిస్ నంబర్లు పిలవడం మొదలుపెట్టారు. ఒకటి అని, తల ఎత్తి, ఆ అమ్మాయిని చూసి, అప్పుడు గీత పెట్టారు. రెండు అని, మళ్ళీ తల ఎత్తారు. ఎనభై మందినీ అలాగే చూశారు. సెలీనా దగ్గర ప్రాక్సీ నేర్చుకున్న ఒకమ్మాయి రెండో గొంతుతో పలకబోయి నోరు మూసుకుంది. హాజరుకే పద్నాలుగు నిమిషాలు పట్టింది. పాఠం సగంలో ఆగిపోయింది. బయట అందరూ సణిగారు. ఎవరి వల్లో అందరికీ తెలుసు.

నవంబరు 6

హాల్లో నేర్చుకోవడం ఎలాగో చూస్తున్నాను. ముందు బెంచీకి మారాను. ఫ్యాను చప్పుడు అక్కడ తక్కువ. రెండు ప్రశ్నలు అడిగాను. మిస్ రెండిటికీ జవాబు చెప్పారు. "ఎందుకలా అనుకున్నావు?" అని మాత్రం అడగలేదు. ఎనభై మంది ఎదురుచూస్తుంటే ఆ ప్రశ్నకి వేళ ఉండదు.

కాబట్టి ఇంటికి వచ్చి నన్ను నేనే అడుగుతున్నాను. ఆమె గొంతుతో అడిగితే పని చేస్తోంది, కొంచెం.

నవంబరు 9

పంకజం ఇంకా ఒక్క మాటా మాట్లాడలేదట ఆ గదిలో. ఆమె వంతు వస్తే లేచి నిలబడుతుందట. మిస్ ఊరుకుంటారట. కాసేపయ్యాక కూర్చోమంటారట. రోజూ అంతే.

నేను ఆ కుర్చీలో ఉంటే, అని మొదలుపెట్టి ఒక వాక్యం రాశాను. కొట్టేశాను. చదవడానికి వీల్లేకుండా కొట్టేశాను.

నవంబరు 14

పంకజం ఇవాళ మాట్లాడింది.

బండిలో చెప్పింది. వాళ్ళ వీధికి పొద్దున్నే పాలకొట్టం నుంచి ఒకతను గేదెను తోలుకొచ్చి ఇంటింటి ముందూ నిలబెట్టి పాలు పిండుతాడు. దూడ ఎప్పుడో చచ్చిపోయింది. దాని తోలులో గడ్డి కుక్కి చంకలో పెట్టుకుని వస్తాడు. ఆ గడ్డి దూడని ముందు పెడితేనే అది పాలు చేపుతుంది. ఈ సంగతి పంకజం లేచి నిలబడి చెప్పింది.

"గేదెని ఎనుము అంటిని. ఇద్దరు నవ్విరి. సరి, నవ్వనీ అని పోతా ఉంటిని. ఆ ఎనుముకి తెలుసేమో అది దూడ కాదని, అయినా నాకతా ఉంటుంది, వేరే ఏం చేస్తుంది పాపం, అని చెప్తిని. అంతే. కూచుంటిని."

మిస్ ఏమన్నారని అడిగాను.

"ఏమీ అనలేదే. మళ్ళ ఆ విజయవాడ పిల్ల, అది దూడ కాదని దానికి తెలుసని నీకెట్ల తెలుసు అని అడిగె. దాని కన్ను చూసినా అంటిని."

తిరువొత్తియూరులో దిగింది. తాత ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ గేటు వైపు వెళ్ళడం కనిపించింది. పంకజమే ఎక్కువ మాట్లాడుతోంది, చేతులు తిప్పుతూ.

నాకు చాలా సంతోషంగా ఉంది.

పై వాక్యం రాసి గంటయింది. వ్యాకరణం సరిగ్గానే ఉంది. కాళ్ళకి ఏమైందో మాత్రం అందులో లేదు. మళ్ళీ రాస్తున్నాను.

దాని కన్ను చూసినా అన్న మాట విన్నప్పుడు నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆ కుర్చీలో మూడు నెలలు నేను కూర్చున్నాను, అలాంటి మాట ఒక్కటీ చెప్పలేదు. పంకజం నోరు విప్పిన మొదటి రోజే చెప్పింది. నాకన్నా బాగా చెప్పింది.